మా అమ్మాయి ఓడిన ఆటల నోటుబుక్కు

మా అమ్మాయి చదరంగం ఆడుతుంది. బోర్డు మీద కాదు, ఫోన్లో. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఆరో తరగతిలో ఉండగా కరోనా వచ్చి క్లాసులన్నీ ఫోన్లోకి వచ్చేశాయి కదా, అప్పుడు క్లాసుకీ క్లాసుకీ మధ్య ఖాళీలో పట్టుకున్న ఆట ఇది. బడులు తెరిచాక అందరి పిల్లలూ ఫోన్లో ఏవేవో ఆటలు మార్చారు. ఇది మాత్రం ఆ అరవై నాలుగు గళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఈ ఆటతో పరిచయం లేనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఫోన్లో ఆట మొదలుపెట్టగానే, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట అదే నిమిషంలో ఆడాలని కూర్చున్న మనిషిని అదే వెతికి మన ఎదుట కూర్చోబెడుతుంది. బ్రెజిల్ కావచ్చు, బోధన్ కావచ్చు. మన స్థాయివాడినే ఇస్తుంది. ఆ స్థాయిని చెప్పే అంకె పేరు రేటింగ్. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఇద్దరి రేటింగూ ఒకటే అయితే ఆటకు దాదాపు ఎనిమిది పాయింట్లు అటో ఇటో. అవతలివారికి మనకన్నా 200 ఎక్కువ ఉంటే, నాలుగు ఆటల్లో మనకు ఒక్కటి దక్కితే సరైన లెక్కే. ఇక టైము. ఒక్కొక్కరికి ఒక నిమిషమే ఇస్తే దాన్ని బుల్లెట్ అంటారు, మూడు నుంచి అయిదు నిమిషాలైతే బ్లిట్జ్, పది నిమిషాలూ ఆపైన ర్యాపిడ్.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి, మేమంతా పడుకున్నాక, పదింటి నుంచి పన్నెండు దాటేదాకా మూడు నిమిషాల ఆటలు ఆడింది. 22 ఆటలు. 4 గెలిచింది, 18 ఓడింది. 1140 ఉన్న అంకె 1028కి వచ్చింది. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అమ్మా, నేను చెస్ తీసేస్తున్నా. నాకు రాదు" అంది.

ఇంట్లో అందరికీ సంతోషమే. మా ఆయనకైతే ఎంసెట్ బెంగ తగ్గినట్టయింది. మా ఆడబిడ్డ ఫోన్లో విని, "మంచిపని చేసింది వదినా, ఆడపిల్లకు రాత్రిపూట మొగమెరుగనోళ్లతో ఆటలేంది" అంది. ఎల్లారెడ్డి నుంచి మా అమ్మ కూడా, "పీడ వొయ్యింది బిడ్డా, కండ్లన్న బాగుంటయి" అంది.

నాకే మనసొప్పలేదు. చెస్ మానేస్తే నాకేం నష్టం లేదు, అది పెద్ద క్రీడాకారిణి కావాలని నేనెప్పుడూ కలలు కనలేదు. చదువు కోసం మానేస్తా అన్నా, విసుగొచ్చి మానేస్తా అన్నా సరే అనేదాన్ని. కానీ "నాకు రాదు" అని మానేస్తోంది. మన ఇళ్లలో ఒక సంగతి గమనించారా? మగపిల్లాడు క్రికెట్ మానేస్తానంటే ఎందుకురా అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. ఆడపిల్ల పాటో, డాన్సో, ఆటో మానేస్తానంటే ఎవరూ ఎందుకని అడగరు. ఒక పని తగ్గిందనుకుంటారు. కనీసం ఒకరైనా అడగాలి కదా. నేను అడిగాను. "రాదు అన్నావు కదా, ఏం రాదు?"

దానికి చెప్పడం రాలేదు. "అన్నీ" అంది.

నేను తెలుగు బీఏ. చదరంగంలో నాకు బలగాల పేర్లూ, ఏది ఎటు నడుస్తుందో, అంతే తెలుసు. కానీ కాలేజీలో మాకు ఛందస్సు ఉండేది. పద్యం నడక కుంటుతోంది అని చెవికి తెలుస్తుంది, ఎక్కడ కుంటిందో మాత్రం గురువులూ లఘువులూ పెట్టి గణాలు విడదీస్తేనే తెలుస్తుంది. "పద్యమంతా తప్పు" అంటే మా లెక్చరర్ ఒప్పుకునేవారు కాదు, ఏ పాదంలో ఏ గణం దగ్గరో చూపించమనేవారు. ఆటకైనా అదే పద్ధతి అనిపించింది. ఫోన్లో ఆడిన ప్రతి ఆటా, ప్రతి ఎత్తూ, ఒక్కో ఎత్తుకు ఎన్ని సెకన్లు పట్టిందో సహా అందులోనే ఉంటుంది. పాతకాలపు ఆటగాళ్లకు లేని సౌకర్యం ఇది. "తీసేసే ముందు నువ్వు ఓడిన ఆటలు ఓ ఇరవై నాకు చూపించు. మూడు నిమిషాలవి వద్దు, పది నిమిషాలవి" అన్నాను. పాత రూళ్ల నోటుబుక్కు ఒకటి తీసుకుని కూర్చున్నాం. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

ముందు దానికి వచ్చినవి రాయించాను. మొదటి ఎనిమిది పది ఎత్తులు బాగా ఆడుతుంది. ఇటాలియన్ ఓపెనింగ్ అనేదాన్ని వీడియోలు చూసి నేర్చుకుంది, బలగాలను చకచకా బయటికి తెచ్చి, రాజును మూలన కోటలో పెట్టేస్తుంది. దెబ్బ కొట్టే చోటు దానికి తొందరగా కనిపిస్తుంది, ముఖ్యంగా గుర్రంతో ఒకేసారి రాజునూ మంత్రినీ పట్టడం. పజిల్స్‌లో దాని రేటింగ్ 1900. ఇంకొకటి, ఎదుటివాడు ఎవరైనా భయపడదు. ముఖం కనిపించదు కాబట్టి పెద్దవాడా, మగవాడా, ఏ దేశమా అన్న ఆలోచనే రాదు. "అన్నీ రావు" అన్న పిల్లకు వచ్చినవే అర పేజీ నిండాయి. అది చదువుకుని కాసేపు ఊరుకుంది.

తరువాత ఓటములు. ఇరవైలో తొమ్మిది ఆటల్లో ఏదో ఒక బలగాన్ని ఊరికే వదిలేసింది, ఎదుటివాడు వచ్చి ఉచితంగా తినేశాడు. అయిదు ఆటల్లో ఒక గుర్రమో ఏనుగో పోగానే ఇంకా ఆడే వీలున్నా "ఓడాను" అని బటన్ నొక్కేసింది. నాలుగు ఆటలు చివర్లో, బోర్డు మీద రాజులూ రెండు మూడు బంట్లూ మిగిలాక పోయాయి. రెండంటే రెండు ఆటల్లో మాత్రం ఎదుటివాడు నిజంగా దీనికన్నా బాగా ఆడాడు.

అన్నిటికన్నా నన్ను ఆపింది గడియారం. ఇరవైలో పదమూడు ఆటలు ముగిసేసరికి దీని దగ్గర ఇంకా అయిదు నిమిషాల పైన మిగిలి ఉంది. అంటే ఇచ్చిన పది నిమిషాల్లో సగం కూడా వాడుకోకుండానే ఓడిపోతోంది! బలగం పోగొట్టుకున్న ప్రతి ఎత్తుకూ ఎంతసేపు ఆలోచించిందో చూస్తే రెండు సెకన్లు, మూడు సెకన్లు. బియ్యంలో రాళ్లు ఏరకుండానే ఎసట్లో పోసి, పంటికింద రాయి పడిందని ఏడ్చినట్టు.

మరి పజిల్స్‌లో 1900 ఉన్న పిల్ల ఆటలో 1100 దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఇది నాకు చాలాసేపు అర్థం కాలేదు. దానికే తట్టింది. "పజిల్ ఇచ్చారంటే అందులో ఏదో ఉందని ముందే తెలుస్తుంది కదమ్మా, అందుకే వెతుకుతా. ఆటలో ఇప్పుడు వెతుకు అని ఎవరూ చెప్పరు" అంది. ఇంకోటి కూడా ఉంది. పజిల్స్‌లో ఎప్పుడూ కొట్టేది మనమే. ఎదుటివాడు మనల్ని కొట్టబోతున్నాడేమో చూసుకోవడం అందులో అంతగా అలవాటు కాదు.

ఆ వారమే ఎల్లారెడ్డి వెళ్లాం. కామారెడ్డిలో బస్సెక్కితే లింగంపేట మీదుగా గంటకు పైనే ప్రయాణం. మా బాపుకు చదరంగం వచ్చు. వయసులో ఉండగా చాయ్ హోటల్ దగ్గర, అరుగుల మీద ఆడిన మనిషి. ఆయన నేర్చుకున్నది పాత పద్ధతి. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకదు, ఒకటే. కోట కట్టడం లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పద్ధతి నేర్పించి, మనవరాలు ఆయన్ను ఆటకు కూర్చోబెట్టింది. ఆయనకు ఓపెనింగులు తెలియవు, పజిల్స్ పేరే వినలేదు. అయినా మొదటి రెండు ఆటలూ ఆయనే గెలిచాడు.

ఎలాగంటే, ఆయన ఒక్కో ఎత్తుకు ముందు చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని చూస్తాడు. తన బలగాలను కాదు, దాని బలగాలను. అది మాత్రం ఆయన చెయ్యి తీయకముందే ఆడేసేది. రెండో ఆట ముగిశాక ఆయన అన్న మాట నోటుబుక్కులో రాసుకున్నాం: "ఆడుడు మంచిగనే ఆడుతున్నవ్ బిడ్డా, సూసుడే సూస్తలేవ్. అవుతలోడు ఏం జేయబోతుండో ముంగట గది జూడు."

నోటుబుక్కులో మేము నాలుగు మధ్యాహ్నాలు లెక్కపెట్టింది బాపు రెండు ఆటల్లో చెప్పేశాడు. అయితే ఆ లెక్క ముందే చేసి ఉండబట్టే దానికి ఆ మాట దిగింది. లేకపోతే "తాత ఏదో అంటాడు" అని వదిలేసేదే.

ఇలా ఓడిన చోటు నుంచి లేచే పద్ధతి పెద్ద ఆటగాళ్లకు ఎలా ఉంటుందో అని కూడా కాస్త చదివాను. మన కోనేరు హంపి సంగతే చూడండి. గుడివాడ అమ్మాయి. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్ మాస్టర్ అయింది, అప్పటికి ఆడవాళ్లలో అంత చిన్న వయసులో ఎవరూ కాలేదు. 2017లో కూతురు పుట్టింది. దాదాపు రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ అదే పోటీ. మొదటి ఆటే ఓడిపోయింది. ముప్ఫై ఏడేళ్ల వయసు, మొదటి రోజు మొదటి ఆటే ఓటమి. మిగిలిన పది ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని రెండోసారి చాంపియన్ అయింది.

ఆన్‌లైన్ ఆట అంటే తేలిక అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2020లో కరోనా వల్ల చెస్ ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్లో పెట్టారు. మన జట్టులో హంపి, గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక, గుంటూరువాడే పెంటేల హరికృష్ణ ఉన్నారు. సెమీ ఫైనల్లో పోలండ్‌తో సమానమై, చివరికి ఒకే ఒక్క ఆట మీద తేల్చాల్సి వస్తే, ఆ ఆట ఆడి గెలిచింది హంపి. ఆగస్టు 30న ఫైనల్లో ఇంటర్నెట్ దెబ్బకొట్టి మనవాళ్ల ఆటలు తెగిపోతే, ఇండియానూ రష్యానూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఇక హారిక 2022లో చెన్నై దగ్గర జరిగిన ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల కడుపుతో కూర్చుని ఆడింది, ఆడవాళ్ల జట్టుకు కాంస్యం వచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో ఆడవాళ్ల జట్టూ బంగారమే, మన వరంగల్ పిల్లాడు అర్జున్ ఇరిగేశి ఉన్న రెండో జట్టూ బంగారమే. మా అమ్మాయికి ఇవన్నీ ముందే తెలుసు. నాకే కొత్త. హంపి మొదటి ఆట ఓడిన సంగతి నేను చెప్పినప్పుడు మాత్రం, "అవును కదా" అని ఆగింది.

ఇక మేం పెట్టుకున్న పద్ధతులు చెప్తాను. మీ ఇంట్లో ఇలా ఫోన్లో ఆడే పిల్లలుంటే పనికొస్తాయి.

మూడు నిమిషాల ఆటలు ఆపేశాం. వాటిలో చేతికి పని, బుర్రకు కాదు. వచ్చినదాన్ని పదును పెట్టుకోవడానికి అవి పెద్దవాళ్లకు పనికొస్తాయేమో గానీ, రానిది నేర్చుకోవడానికి టైము కావాలి. దాని బదులు పదిహేను నిమిషాల ఆట, ప్రతి ఎత్తుకూ పది సెకన్లు కలిసే రకం. రోజుకు రెండే.

వేలు పెట్టే ముందు రెండు ప్రశ్నలు. వాళ్లు ఆ ఎత్తు ఎందుకు వేశారు? నేను ఇది వేశాక వాళ్లు నాది ఏది తినగలరు? మొదట్లో పైకి చెప్పించేదాన్ని. వంటింట్లో నేను చపాతీలు ఒత్తుతుంటే అక్కడే కూర్చుని, "ఒంటె వచ్చింది, నా గుర్రం మీద కన్నేసింది" అంటూ ఆడేది. పది రోజులకు పైకి చెప్పాల్సిన అవసరం పోయింది.

వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు బంద్. ఇది అన్నిటికన్నా కష్టమైనది. ఓడగానే "మళ్లీ ఆడతావా" అని ఫోనే అడుగుతుంది కదా, పోయిన పాయింట్లు ఇప్పుడే తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ 22 ఆటల రాత్రి జరిగింది అదే. మొదటి నాలుగు ఓటములు ఆట రాక, తర్వాతివన్నీ కోపంతో.

ఓడిన ఆటను ముందు తనే చూసుకోవాలి, తర్వాతే కంప్యూటర్‌ను అడగాలి. లీచెస్ అనే సైటులో ఆటను విశ్లేషించడం పూర్తిగా ఉచితం. అది ఏ ఎత్తు తప్పో చెప్తుంది, సరైన ఎత్తేదో చూపిస్తుంది. కానీ నువ్వు ఆ తప్పు ఎందుకు చేశావో దానికి తెలియదు. తొందరపడ్డావా, చూడలేదా, చూసి కూడా పర్వాలేదనుకున్నావా, అది మనమే రాసుకోవాలి. ఒక ఆటకు ఒక్క వాక్యం చాలు.

చివరి ఆట విడిగా నేర్చుకోవాలి. రాజూ ఏనుగూ ఉంటే ఒంటరి రాజుకు ఆట కట్టించడం, రాజూ బంటూ ఉంటే బంటును చివరి గడి దాకా నడిపించడం. ఇవి కొన్నే, ఒకసారి వస్తే పోవు. సెలవుల్లో తాతతో బోర్డు మీద ఇవే ఆడింది. ఒంటరి రాజు తాత. ఎటు పోవాలో దొరక్క, "నన్ను గిట్ల మూలకు నూకుతవా" అని నవ్వేవాడు.

బలగం పోయినా ఆట వదలకూడదు. ఈ స్థాయిలో ఎదుటివాడు కూడా తిరిగి ఏదో ఒకటి వదిలేస్తాడు. ఇలా కూర్చుని ఆడి, పోయిందనుకున్న ఆటలు మూడు గెలిచింది.

ఇక మా ఆడబిడ్డ భయం. అది కూడా కొట్టిపారేసేది కాదు. ఆటలో మాట్లాడుకునే పెట్టె ఒకటి ఉంటుంది, ఓడినవాళ్లు అందులో తిట్లు రాస్తుంటారు. దాన్ని సెట్టింగుల్లో మూసేయొచ్చు, మూసేశాం. దాని పేరు, ఫొటో, ఊరు ఏవీ లేవు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్ హాల్లోనే ఉంటుంది. ఇవన్నీ చూపిస్తే ఆడబిడ్డ, "అయితే సరే వదినా" అంది. ఇప్పుడు వాళ్ల చిన్నోడికి కూడా నేర్పమంటోంది.

ఈ మధ్య కామారెడ్డిలోనే ఒక హాల్లో పోటీ జరిగితే పేరిచ్చాం. ఫోన్లో నేర్చిన పిల్లకు బోర్డు పోటీ వేరే లోకం. ముట్టుకున్న బలగాన్నే కదపాలి. ఏ చేత్తో కదిపితే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఫోన్లో అయితే తప్పు ఎత్తు వేయనివ్వదు, ఇక్కడ మనమే జాగ్రత్తపడాలి. పైగా ఎదుట ముఖం ఉంటుంది! అదృష్టం కొద్దీ తాతతో ఆడిన అలవాటు ఉంది. ఫోన్ నాకిచ్చి లోపలికి వెళ్లింది, హాల్లోకి ఫోన్లు తేనివ్వరు.

ఆరు ఆటల్లో మొదటిది ఓడింది. దీనికన్నా చాలా చిన్నపిల్లాడి చేతిలో. బయటికొచ్చి నీళ్లు తాగింది. నేనేం అడగలేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసి, మళ్లీ లోపలికి వెళ్లింది. మొత్తం మీద మూడు పాయింట్లు వచ్చాయి. ప్రైజులకు దూరమే. ఆన్‌లైన్ రేటింగ్ ఇప్పుడు 1210 దగ్గర ఉంది. ఎంసెట్ ఏడాది వచ్చేసరికి ఆట తగ్గిస్తానని దానంతట అదే అంటోంది. తగ్గించనీ. "నాకు రాదు" అన్న మాట మాత్రం మళ్లీ వినలేదు.

ఇంటికొచ్చాక నోటుబుక్కు తెరిచి చూశాను. ఆ మొదటి ఆట కింద ఒక్క వాక్యం ఉంది: "పిల్లాడని తేలిగ్గా తీసుకున్నా, వాడి ఒంటెను చూడలేదు."